నాలుగు సెకన్లలో అరవై మైళ్లు

నా పెళ్లి సంబంధం చెడగొట్టింది నేనే. మళ్లీ దాన్ని గజం పైన మూడంగుళాల దారంతో కట్టి ఇంటికి లాక్కొచ్చిందీ నేనే. రెంటికీ మధ్య ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో ఏడ్చినంత ఏడుపు మళ్లీ ఎన్నడూ ఏడవలేదు, అయినా ఇప్పుడు తలుచుకుంటే నవ్వే వస్తుంది. ఏం చెయ్యను? అలా జరిగింది మరి.

అరవైల నాటి మాట. మేం ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న రేవులో క్రేన్ నడిపేవాడు. మా తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, రేవులో హిందీ, ఆదివారం చర్చిలో మళ్లీ తెలుగు. నేను మిషన్ వాళ్ల ఆడపిల్లల కాలేజీలో సైన్సు చదువుతున్నాను. క్వార్టర్లన్నిటిలో సైన్సు చదివే ఆడపిల్లను నేనొక్కదాన్నే. దాంతో నాకు పొగరు కూడా కొంచెం ఎక్కువే ఉండేది, దాచడం దేనికి.

నాన్నకు ఒక్క విషయంలో చచ్చేంత పట్టింపు. తాగొచ్చినవాడినైనా కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తాడు గానీ, అంకె విషయంలో అబద్ధమాడేవాడిని గుమ్మం ఎక్కనివ్వడు. దానికి కారణముంది. ఆయన కొత్తగా పనిలో చేరినప్పుడు ఎవరో మూడు టన్నుల పెట్టెను రెండు టన్నులని చెప్పారట. తాడు తెగింది. నాన్న పక్కన పనిచేసే మనిషికి కాలు పోయింది. అప్పట్నుంచీ ఇంట్లో అదే పాట. "బరువు అబద్ధం సెప్పినోడి కొక్కెం కింద నిలబడకండి."

నాన్నకు చేతి గడియారం లేదు. అక్కర్లేదనేవాడు. ఆయనకు సగం ఉడికిన గుడ్డంటే ప్రాణం. దాని వంట మాత్రం అమ్మకు వదిలేవాడు కాదు. "రెండొందల సెకన్లు, అంతే" అని పొయ్యి దగ్గర పీట వేసుకుని, పాదంతో నేల మీద తాళం వేస్తూ లెక్కపెట్టేవాడు. అంత శ్రద్ధగా లెక్కపెట్టి తీసిన గుడ్డు గోడకు కొడితే గోడ పగిలేలా ఉండేది. "ఈ ఊరి కోళ్లే అలాటివి" అని ఇద్దరూ సరిపెట్టుకునేవారు. ఈ గుడ్ల సంగతి గుర్తుంచుకోండి.

సంబంధం గార్డెన్ రీచ్ నుంచి వచ్చింది. అబ్బాయి అక్కడ ఓడలు కట్టే యార్డులో ఫిట్టరు. వాళ్లదీ మనవాళ్ల చర్చే. నాన్న చిన్నప్పుడు గార్డెన్ రీచ్‌లోనే పెరిగాడు, ఆ చర్చిలోనే కీర్తనలు నేర్చుకున్నాడు, అందుకే ఆ సంబంధం అనగానే సగం మెత్తబడిపోయాడు. ఆ అబ్బాయే తర్వాత నా మొగుడయ్యాడు కాబట్టి ఇక్కణ్ణుంచి ఆయన అనే అంటాను.

ఆయన వాళ్లమ్మను వెనకాల కూర్చోబెట్టుకుని మోటారు సైకిల్ మీద వచ్చాడు. పాతబండి, త్రీ ఫిఫ్టీ ఇంజను, ముక్కలుగా కొని తనే విప్పి కట్టుకున్నాడట. ఆ చప్పుడుకు మా వీధి వీధంతా బయటికొచ్చింది. వాళ్లమ్మ దిగి, కొంగు సర్దుకుని, మొదట అన్నమాట, "బతికే వచ్చినాను, అదే పదేలు." నాకు అక్కడే నవ్వొచ్చింది.

లోపల చేగోడీలు, మిఠాయి దుకాణం నుంచి తెచ్చిన సందేశ్, టీ. నేను కర్టెన్ వెనకాల. నాన్న చదువు అడిగాడు, జీతం అడిగాడు, బైబిల్లో ఏ వాక్యం కంఠస్థం వచ్చో అడిగాడు. తర్వాత, మగవాళ్లు కదా, మాట బండి మీదికి మళ్లింది.

"బండి జోరుగానే ఎల్తాదేటి బాబూ?"

"ఎల్తాది మావయ్యా. నిలబడ్డ సోటు నుండి అరవై మైళ్ల స్పీడుకి నాలుగు సెకన్లు."

కర్టెన్ వెనకాల నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ముక్కుతో ఒక చప్పుడు చేశాను. అది గదిలోకి వినబడింది. నాన్న మీసం సవరించుకుని, "మా అమ్మి సైన్సు సదువుతాది" అని గర్వంగా చెప్పి, "ఏటమ్మీ, అవుతాదా?" అని కేకేశాడు.

ఇప్పుడైనా "నాకేం తెలుసు నాన్నా" అంటే అయిపోయేది. టీ ట్రే చేత్తో పట్టుకుని బయటికి వచ్చి, "అవదు" అన్నాను.

వాళ్లమ్మ చేతిలో సందేశ్ అలాగే ఆగిపోయింది. ఆయన మాత్రం తలెత్తి నన్ను చూశాడు. కోపంగా కాదు. "ఎలాగవదు?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అంతకు ముందు నన్ను చూడొచ్చినవాళ్లిద్దరూ వంటొచ్చా, పాటొచ్చా అని అడిగారే గానీ, ఎలాగ అని ఎవడూ అడగలేదు. నా గుండె అప్పుడే జారింది. కాలు కూడా జారితే బాగుండేది, నోరు మూతబడేది.

చేగోడీలు తెచ్చిన కాయితం చించి దాని మీద వేశాను లెక్క. గంటకు అరవై మైళ్లంటే సెకనుకు ఎనభై ఎనిమిది అడుగులు. నాలుగు సెకన్లలో అది రావాలంటే ప్రతి సెకనుకూ ఇరవై రెండు అడుగుల వేగం పెరగాలి. "క్రేన్ నుంచి మూట జారితే సెకనుకు ముప్పై రెండు పెరుగుతుంది నాన్నా. అందులో మూడింట రెండొంతులు. అంటే ఈయన దాదాపు పడిపోతున్నంత జోరుగా, అడ్డంగా వెళ్తున్నారన్నమాట."

నాన్న ముఖంలో నవ్వు తగ్గింది. మూట పడడం ఆయనకు తెలుసు.

నేను ఆగానా? లేదు. బండీ మనిషీ కలిపి అయిదొందల పౌన్లనుకున్నాను. దాన్ని నాలుగు సెకన్లలో అంత వేగానికి తేవాలంటే ఇరవై ఏడున్నర గుర్రాల బలం కావాలి, అదీ మొదటి క్షణం నుంచి చివరి దాకా, గాలి అడ్డు లేకుండా. "మీ ఇంజనుకు ఎన్ని గుర్రాలు?"

"పదిహేడు" అన్నాడాయన నిజాయితీగా.

"మరి తక్కిన పదిన్నర ఎక్కడ కట్టేశారు?"

నా మాటకు నేనే మురిసిపోయి నవ్వాను. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. ఆయన ఆ కాయితం తీసుకుని మూడుసార్లు చదివాడు. "లెక్క బాగానే ఉంది" అన్నాడు మెల్లగా. "కానీ నాలుగే. నేను లెక్కెట్టినాను. ఒక్కపాలి కాదు, పదిపాళ్లు లెక్కెట్టినాను." ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి, వాళ్లమ్మను ఎక్కించుకుని వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఆ బండి ఎంత మెల్లగా కదిలిందంటే, మేక కూడా దాటిపోయేది.

నాన్న తలుపు దగ్గర నిలబడి అన్నాడు. "సక్కని కుర్రోడు. అయితే ఏటి? అంకె అబద్ధం. లెక్క సూపించినా ఒప్పుకోలేదు. ఇయ్యాల బండి, రేపు ఇంకోటి. నా పిల్లని ఆ కొక్కెం కింద నిలబెట్టను."

అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. అబ్బా, ఆ చూపు.

ఇక నా పని చూడండి. ఎవరి అబద్ధం నేను బయటపెట్టానో, ఆ అబద్ధాన్ని నిజం చెయ్యడానికి మూడు రోజులు కూర్చున్నాను. కాలేజీలో పాఠం జరుగుతుంటే నోటు పుస్తకం వెనక పేజీల్లో ఆయన బరువు తగ్గించాను. తొంభై పౌన్లకు తెచ్చాను, అంటే ఎముకల గూడు. ఎంతకీ అయిదుముప్పావు సెకన్ల కిందికి దిగదు. బండిలో పెట్రోలు తీసేశాను. హెడ్‌లైటు పీకేశాను. హుగ్లీ నది మీంచి తుఫాను గాలి వచ్చి వెనకనుంచి తోస్తోందనుకున్నాను. పంతులమ్మ వచ్చి నా భుజం మీద నుంచి చూసి, "ఎవరీ దురదృష్టవంతుడు?" అని బెంగాలీలో అడిగింది. "ఎవరో, తెలీదు" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

నాలుగు రాదు. ఎంత ప్రేమించినా నాలుగు రాదు. కానీ ఆయన ముఖం నాకు గుర్తుంది. అది కోతలు కోసేవాడి ముఖం కాదు. కోతలు కోసేవాడు ఇంజనుకు పదిహేడే గుర్రాలని ఒప్పుకుంటాడా? ముప్పై అనేవాడు! లెక్క నిజమే, మనిషీ నిజమే. అలాంటప్పుడు మధ్యలో ఏదో ఉండాలి. అదేంటో నాకు అంతుపట్టలేదు.

నాలుగో రోజు నాన్నను నాన్న మాటతోనే పట్టుకున్నాను. రేవులో ఒక పద్ధతుంది. పెట్టె బరువు మీద అనుమానం వస్తే దాన్ని వెంటనే తిప్పి పంపరు. జానెడు ఎత్తి, గాల్లో ఆపి, తాడు ఏమంటుందో చూస్తారు. "పెట్టెకైతే జానెడు ఎత్తి చూస్తావు. మనిషినైతే చూడకుండానే పంపేస్తావా నాన్నా?"

నాన్న కలిపిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలిపాడు. చివరికి, "సరే. ఎత్తి సూద్దాం. కానీ నేనే ఎక్కుతాను. నా సెవుల్తో నేనే లెక్కెడతాను" అన్నాడు. "తేడా వస్తే మాత్రం మళ్లీ ఆ మాటెత్తకు." ఎత్తనన్నాను.

కబురు పంపాం. ఆదివారం ఆరాధన అయ్యాక రేవు గోడ పక్కన తిన్నటి రోడ్డు మీదికి ఆయన వచ్చాడు. ఆదివారం లారీలుండవు, రోడ్డంతా మాదే. నేను దీపస్తంభానికి ఒక మేకు కొట్టి, దానికి ముప్పై తొమ్మిది అంగుళాల దారం, దారం చివర నాన్న పెట్టెలోంచి తీసిన ఇనుప నట్టు కట్టాను. ఆ పొడవు లోలకం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊగడానికి సరిగ్గా సెకను. కాలేజీ లాబులో గడియారం పక్కన పెట్టి చూసుకున్నాను. నాన్న చేతికి కూడా జానెడు దారం, చిన్న నట్టు ఇచ్చాను. "బండి నిజంగా అంత జోరుగా అందుకుంటే ఇది వెనక్కి ఇంత వాలాలి" అని చూపించబోయాను.

"నాకు సెప్తావేటే! ముప్పై యేళ్లుగా నా ముందు ఊగుతున్నాది అదే" అని కసిరాడు. నిజమే, క్రేన్ కదిలితే మూట ఎంత వెనకబడుతుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

టీ దుకాణం అతను గ్లాసులు వదిలేసి వచ్చాడు. "దీదీ, ఎటా కీ హోచ్ఛే?" అని అడిగాడు, ఏం జరుగుతోందని. పెళ్లి పరీక్ష దాదా అని చెప్పాను. దాంతో పదిమంది పోగయ్యారు. అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

నాన్న చర్చి కోటుతోనే బండెక్కాడు. జన్మలో మొదటిసారి. ఒక చేత్తో ఆయన నడుం పట్టుకున్నాడు, ఇంకో చేత్తో నట్టు వేలాడేసిన దారం. "అరవై కాడికి ముల్లొస్తే నేను సెయ్యెత్తుతాను. నువ్వు బయలుదేరినప్పటి నుండి గట్టిగా లెక్కెట్టు బాబూ, నేనూ ఎడతాను" అన్నాడు. నేను లోలకం వదిలి చెయ్యి దించాను.

ఓలమ్మో! బండి గర్జించింది. నాన్న కోటు తోకలు రెండూ లేచాయి. టీ అతను "ఓ దాదా, ఆస్తే, ఆస్తే!" అంటూ, మెల్లగా పొమ్మని వెనకాల పరుగెత్తాడు. నేను నట్టు మీదే కళ్లు పెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తలెత్తి చూస్తే నాన్న చెయ్యి ఎత్తలేదు. తొమ్మిది. పది. దేవుడా, ఇంకా ఎత్తలేదు. పదిహేడో ఊపు దగ్గర, దూరంగా, చిన్నగా, నాన్న చెయ్యి లేచింది.

పదిహేడు. నా పెళ్లి అక్కడితో అయిపోయింది. ఏడుపొచ్చింది. అంతమంది ముందు, స్తంభానికి ఆనుకుని నిలబడి, ముక్కు చీదుకుంటూ.

వాళ్లు తిరిగొచ్చారు. నాన్న దిగాడు, చేతిలో దారం లేదు, నట్టూ లేదు. జుట్టు నిక్కబొడుచుకుని, కళ్లల్లోంచి నీళ్లు చెవుల దాకా కారి, నోరు సాంతం తెరిచి ఉంది. ముప్పై యేళ్లు ఆకాశంలో కూర్చుని పనిచేసిన మనిషి, నేల మీద ఊగిపోతున్నాడు. నా భుజాలు పట్టుకుని ఒక్కటే మాట అన్నాడు.

"నాలుగే అమ్మీ! కుర్రోడు నిజమే సెప్పినాడు!"

"పదిహేడు నాన్నా" అన్నాను.

"నాలుగు! ఇద్దరం కలిసి లెక్కెట్టినాం."

"మరి నట్టు ఎంత వాలింది?"

నాన్న ముఖంలో జోరు కొంచెం తగ్గింది. "రెండు వేళ్ల మందం. తర్వాత సెయ్యి జారిపోనాది. అదేటో మరి. మూటయితే అంత తక్కువ వాలితే క్రేన్ నడుస్తున్నట్టే కాదు." తల గోక్కున్నాడు. వెంటనే తల ఎత్తాడు. "అయితే నేను అబద్ధమాడుతున్నానంటావేటే? నేను?"

ఆయన బండి స్టాండు వేసి మా మధ్యకు వచ్చాడు. జేబులోంచి నా చేగోడీల కాయితం తీసి, దాన్నీ నా లోలకాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఓపాలి దీని ముందు లెక్కెడదాం మావయ్యా" అన్నాడు.

నట్టు ఊపాను. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. "ఒకటీ" అన్నారు ఇద్దరూ కలిసి. ఇద్దరి కుడి పాదాలూ కలిసి నేలను తాకాయి. నట్టు అటు వెళ్లింది, ఇటు వచ్చింది, అటు వెళ్లింది, ఇటు వచ్చింది. అప్పుడు ఇద్దరి పాదాలూ లేచి, తాపీగా దిగాయి. "రెండూ."

అమ్మ నోట్లోంచి కొంగు జారిపోయింది. అలాంటి నవ్వు అమ్మ నుంచి నేను వినలేదు. నడుం పట్టుకుని, స్తంభం పట్టుకుని, టీ అతని భుజం కూడా పట్టుకుంది. "మీ తాత కర్ర!" అంది. "అది మీ గార్డెన్ రీచ్ తాత కర్ర!"

చెబుతాను. గార్డెన్ రీచ్ చర్చిలో కీర్తనలు నడిపే ముసలాయన ఉండేవాడు. అందరికీ తాతే. నాన్న చిన్నప్పుడు కూడా ముసలాయనే, మా ఆయన చిన్నప్పుడూ ముసలాయనే. కర్రతో నేల మీద కొడుతూ పాడించేవాడు. చరణం పూర్తయ్యేసరికి బయట వాన వచ్చి వెలిసేది. ఆదివారం బడి పిల్లలందరికీ తాత నేర్పిన మొదటి పాఠం, "నా కర్ర సెకనుకి ఒక్కసారి పడతాది. గడియారం తప్పినా ఇది తప్పదు." పిల్లలు నమ్మారు. నమ్మి, పెద్దయ్యారు. ఒకడు క్రేన్ ఎక్కాడు, ఒకడు మోటారు సైకిల్ ఎక్కాడు. ఇద్దరి పాదాల్లోనూ ఆ కర్రే పడుతోంది. అమ్మది హౌరా రైల్వే క్వార్టర్లు. అక్కడ కీర్తన రైలు టైముకు ముగియాలి. పెళ్లయిన కొత్తలో గార్డెన్ రీచ్ ఆరాధనకు వెళ్లి, మొదటి పాట సగంలోనే నిద్రపోయిందట.

"అయితే నా గుడ్లు?" అన్నాడు నాన్న హఠాత్తుగా.

"గుడ్లే!" అంది అమ్మ, నవ్వు ఆపుకోలేక. "ఇరవై యేళ్లు! పాపం కోళ్లని తిట్టినాం!"

నాన్న నేల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి నాన్న భుజాలు కూడా కదలడం మొదలెట్టాయి. నవ్వు తగ్గాక లేచి, కోటు దులుపుకుని, ఆయన ముందు నిలబడ్డాడు. "తూకం రాయి తప్పు" అన్నాడు. "మనిషి తప్పు కాదు. నువ్వు అబద్ధికుడివైతే నేనూ అబద్ధికుణ్ణే. అబద్ధికుణ్ణి అనిపించుకునే ఓపిక నాకు లేదు. మీ అమ్మని తీసుకురా."

ఆయన నా వైపు తిరిగాడు. "పదిహేడంటే మరి మీ లెక్కకి సరిపోతాదా?" అని అడిగాడు. వెనకాల మా నాన్న ఉన్నాడు కదా, గాలి అడ్డుంటుంది కదా, సరిపోతుందన్నాను. "అయితే మీరే గెలిచినారు" అన్నాడు. ఎంత సంతోషంగా అన్నాడో! ఓడిపోయి అంత సంతోషపడ్డ మగాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు. నాకు లేచి గంతులేయాలనిపించింది. వేశాను కూడా, ఇంటికెళ్లాక, తలుపేసుకుని.

తాతకు ఈ సంగతి చెప్పడానికి నాన్న స్వయంగా వెళ్లాడు. తాత అంతా విని, "వాచీలకి భక్తి లేదురా" అన్నాడట. పెళ్లి గార్డెన్ రీచ్‌లోనే జరిగింది. తాతే కర్ర పట్టాడు. మూడు చరణాల పెళ్లి కీర్తన పూర్తయ్యేసరికి నా చేతిలో పూలగుత్తి వాడిపోయింది, హౌరా నుంచి వచ్చిన చుట్టాలిద్దరికి రైలు తప్పిపోయింది.

తర్వాత ఆయన నన్ను పెళ్లి చీరతోనే బండెక్కించి, ఖిదిర్‌పూర్ తీసుకొచ్చాడు. రేవు గోడ రోడ్డు మొదట్లో బండి ఆగింది. చూస్తే అక్కడ నాన్న! మాకంటే ముందు బస్సులో వచ్చేసి, అదే స్తంభం దగ్గర, అదే మేకుకు దారం కట్టి, నట్టు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "అరవై కాడికి సెయ్యెత్తు అమ్మీ" అన్నాడు.

చెయ్యెత్తాను. ముసుగు ఎగిరి మొహానికి చుట్టుకుంది, పూలు రాలిపోయాయి, నేను అరుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలీదు. తిరిగి వచ్చేసరికి నాన్న వేళ్లు చూపిస్తూ ఎదురొచ్చాడు. "పద్దెనిమిది. నువ్వు మీ నాన్న కన్నా బరువే. నీ లెక్క ఎంతొచ్చిందమ్మీ?"

ఆయన వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నాన్న నా నోటి వంకే చూస్తున్నాడు. సైన్సు చదివిన పిల్లను, తర్కం తెలిసిన పిల్లను, అంకె విషయంలో అబద్ధమాడకూడదని పుట్టినప్పట్నుంచి విన్న పిల్లను.

"మూడు" అన్నాను.